ఒక్క ‘ఇక’ తెచ్చిన తంటా

బస్సు సముద్రాన్ని వెనక వదిలి, కొండ మలుపులు దిగి, చదును రోడ్డు ఎక్కేసరికి కత్తెరాయనకు మెలకువ వచ్చింది. కళ్ళు తెరవగానే ముందు సీట్లో ఒక మెడ కనిపించింది. ఎరిగిన మెడ.

కత్తెరాయన అసలు పేరు కత్తెర కాదు. అసలు పేరు ఒకటి ఉంది గాని, అది పెళ్ళినాడు ఒకసారి, కూతురు పుట్టినప్పుడు ఆసుపత్రిలో ఒకసారి వాడుకలోకి వచ్చి మళ్ళీ అటకెక్కింది. వీధి మలుపులో కటింగ్ షాపు పెట్టిన నాటినుంచి పెద్దలకు కత్తెర, పిల్లలకు కత్తెర మామయ్య, భార్యకు కోపం వచ్చినప్పుడు మొండి కత్తెర.

లోకులు మనిషిని ముఖం చూసి గుర్తుపడతారు. దర్జీ భుజాలు చూసి గుర్తుపడతాడు, చెప్పులు కుట్టేవాడు మడమ చూసి. కటింగ్ చేసేవాడి సంగతి మరీ విచిత్రం. అతనికి మనుషుల ముఖాలు అద్దంలోనే పరిచయం, అదీ కుడి ఎడమలు తారుమారై. నేరుగా ఎరిగింది వెనకభాగమే. అందుకే బజార్లో ఎవరైనా ఎదురుపడి నవ్వితే కత్తెరాయన తెల్లమొహం వేసి, వాళ్ళు దాటిపోయాక వెనక్కి తిరిగి చూసి, “ఓహో, ఈయనా!” అనుకునేవాడు. అప్పటికి ఆయన సందు తిరిగిపోయేవాడు. ఈ రకంగా, పొగరనేది ఎలా ఉంటుందో తెలియకుండానే పొగరుబోతు అనే పేరు సంపాదించాడు.

ఇప్పుడు కనిపిస్తున్న తలకు రెండు సుడులు. రెండు సుడులుంటే రెండు పెళ్ళిళ్ళంటారు. ఈ తలగలాయనకు ఒక్క పెళ్ళికే సగం జుట్టు ఊడింది. సందేహం లేదు, బడిలో డ్రిల్ మాస్టారు. తను నిద్రలో ఉండగా దారిలో ఎక్కినట్టున్నాడు. ఏళ్ళ తరబడి తన కుర్చీలో కూర్చున్న తల.

కాని ఆ కటింగ్ తనది కాదు.

మెడ మీద జుట్టు మేడ మెట్లలా దిగింది. కుడిచెవి వెనక ఒక కుచ్చు మరిచిపోయి వదిలేసినట్టుంది. కత్తెరాయనకు పక్కింటివాడి వాకిట్లో మన ఇంటి కోడి గుడ్డు పెడుతుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. ‘నేను సముద్రానికి ఇలా వెళ్ళానో లేదో, ఈయన అలా తల పట్టుకుపోయి ఇంకొకడి చేతిలో పెట్టాడు,’ అనుకున్నాడు. ఉండబట్టలేక భుజం మీద తట్టాడు.

“మాస్టారూ!”

డ్రిల్ మాస్టారు తిరిగి చూశాడు. చూసి, చేతిలో ఉన్న వేరుశనగ పొట్లం ఒళ్ళో ఒలకబోసుకున్నాడు.

“నువ్వా!”

“నేనే.”

“నువ్వు... ఉన్నావా?”

“ఉండకేం మాస్టారూ. టికెట్టు కూడా ఉంది.”

“వేళాకోళం కాదయ్యా. మరి ఆ బోర్డేమిటి?”

“సెలవుకి వెళ్తున్నానని పెట్టాను.”

“ఏమని పెట్టావు? నీ నోటితోనే చెప్పు, వింటాను.”

కత్తెరాయన గొంతు సవరించుకున్నాడు. ఆ వాక్యం అంటే ఆయనకు లోలోపల ముచ్చట. “‘ఇన్నాళ్ళూ ఆదరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక సెలవు.’”

“ఇంకేం. పూలదండ మేమే తెచ్చాం,” అన్నాడు మాస్టారు.

కత్తెరాయనకు అర్థం కాలేదు. కాసేపటికి అర్థమైంది. అర్థమయ్యాక, కాకపోతేనే బాగుండేదనిపించింది.

“సెలవు అంటే సెలవులే కదా మాస్టారూ!”

“సెలవంటే సెలవే. ‘ఇక సెలవు’ అంటే ఇక లేనట్టే. నేను డ్రిల్ మాస్టార్ని. నాకొచ్చిన తెలుగు ‘కుడికి తిరుగు, ఎడమకి తిరుగు, ఆగు’. నాకే అర్థమైందంటే చూసుకో.”

కిటికీ పక్కన కునుకు తీస్తున్న కత్తెరాయన భార్య కళ్ళు తెరవకుండానే అడిగింది, “ఏమంటున్నారు మాస్టారుగారు? ఈయన పోయాడనా?”

“అనుకున్నామమ్మా,” అన్నాడు మాస్టారు, పల్లీలు ఏరుకుంటూ.

“నేను చెబుతూనే ఉన్నా. వింటేగా!”

“నువ్వు చెప్పింది తారీఖు రాయొద్దని,” అన్నాడు కత్తెరాయన.

“దొంగలు చదువుతారని తారీఖు వద్దన్నా. ‘ఇక’ ఎవరు పెట్టమన్నారు? దొంగలా?”

ఎవరూ పెట్టమనలేదు. అక్కడే ఉంది తిరకాసు. పలక మీద సుద్దతో ‘సెలవు’ అని ఒక్కమాటే రాసి దూరంగా నిలబడి చూసుకుంటే, అది కత్తెరాయన కంటికి బోడితలలా కనిపించింది. ముందు కాస్త, పక్కన కాస్త జుట్టుంచితే అందంగా ఉంటుందనిపించింది. షాపులో జనం వదిలేసిపోయిన వారపత్రికలన్నీ అట్టనుంచి అట్టదాకా చదివిన మనిషి ఆయన. ఏ కథలోనో, ఏ ఉత్తరం చివరో చూసిన ‘ఇక సెలవు’ మనసులో మెదిలింది. కలిపాడు. నిండుగా ఉంది. ఆ పైన ‘కృతజ్ఞతలు’ చేర్చాడు. మరీ నిండుగా ఉంది. తలలు దిద్దేవాడికి తన తలలో ఏముందో తెలియకపోవడం ఈ వృత్తిలో ఉన్న ప్రమాదం.

ఆ మాటకొస్తే తప్పంతా కత్తెరాయనదే అనడం కూడా అన్యాయం. ‘సెలవు’ అనే మాటే ఒక గారడీ మూట. పైవాడు ఇస్తే అది సెలవు. వచ్చిన చుట్టం పుచ్చుకుంటే అదీ సెలవు. పెద్దమనిషి నోరు విప్పితే ‘సెలవిచ్చాడు’ అంటాం, అతను పనికిమాలిన మాట చెప్పినా సరే. పాతకాలపు తెలుగులో ఖర్చునూ సెలవే అన్నారు. ఇవన్నీ చాలవన్నట్టు పెదవుల మూలకు సెలవి అని పేరు, రెండు మూలల్నీ కలిపితే సెలవులే. ఇన్ని తలల మాటకు ముందు ‘ఇక’ తగిలిస్తే అది ఏ తలతో కరుస్తుందో ఎవడు చెప్పగలడు?

“ఊళ్ళో ఏమనుకున్నారు మాస్టారూ?” అని అడిగాడు కత్తెరాయన. గొంతులో దిగులుంది గాని, అడుగున చిన్న ఆశ కూడా ఉంది. తన చావు కబురు తన చెవిన పడే అదృష్టం ఎంతమందికి దొరుకుతుంది?

“కొందరు గుండెపోటన్నారు. కొందరు ఇల్లు వదిలి ఎటో పోయాడన్నారు. కిరాణా కొట్టాయన మాత్రం మీ ఆవిడే తరిమేసిందన్నాడు.”

“ఆయన తెలివైనవాడు,” అంది భార్య.

“అంతా కలిసి షట్టరుకి దండ వేసి, ఐదు నిమిషాలు నిలబడి, నాలుగు మంచి మాటలు చెప్పుకున్నాం.”

“ఏమని చెప్పుకున్నారు?”

“చెయ్యి తేలికని అన్నాం.”

చచ్చినవాడి కళ్ళు చారడేసి అంటారు. కత్తెరాయన ఛాతీ కొంచెం పొంగింది. “ఇంకా?”

“నోరే బరువని అన్నాం.”

భార్య ఈసారి కళ్ళు తెరిచి మరీ నవ్వింది.

“సరే, నవ్వులు తరవాత,” అన్నాడు మాస్టారు. “నీకింకా అసలు సంగతి తెలిసినట్టు లేదు. మేడ మీది అమ్మగారు నీ గది ఇంకొకరికి మాటిచ్చేసింది. ఆడవాళ్ళ పార్లరు పెడుతుందట, ఎవరో అమ్మాయి. నిన్న వచ్చి, అమ్మగారి దగ్గరున్న తాళంచెవితో తీసి గోడలు చూసిపోయింది. ఇవాళ సాయంత్రం మళ్ళీ వస్తుంది, ఖాయం చేసుకోడానికి.”

బస్సు గతుకులో పడి లేచింది. కత్తెరాయన లేవలేదు. ఆ గది పదడుగుల గది. అందులో ఒక కుర్చీ, ఒక అద్దం, ఒక బల్ల. అది పోతే ఆయనకు ఈ భూమ్మీద మిగిలేది చేతిలో కత్తెర, దాన్ని పట్టుకుని నిలబడడానికి చోటు లేని రెండు కాళ్ళు. ఈ వయసులో ఇంకో వీధిలో ఇంకో గది వెతుక్కుని, ఎరగని మెడలన్నీ మొదటినుంచి నేర్చుకోవాలి. క్షవరమైతేగాని వివరం తెలియదనే సామెతను జీవితమంతా జనానికి వినిపిస్తూ వచ్చినవాడికి, అది తన మీదికే వచ్చి కూర్చుంది.

*

లోకం చుట్టి వచ్చినవాళ్ళను ఎవరినైనా అడగండి. వెళ్ళడం తేలిక, రావడమే కష్టమంటారు. మనం లేకపోతే ఊరు ఆగిపోతుందన్న దిగులుతో బయల్దేరతాం. ఆగలేదని చూసి మరింత దిగులుపడడానికి తిరిగి వస్తాం.

కత్తెరాయన బస్సు దిగిన కాళ్ళతోనే షాపుకు పరుగెత్తబోయాడు. భార్య చొక్కా పట్టుకుని ఆపింది.

“సంచులు ఎవరు మోస్తారు? నీ దెయ్యమా?”

సంచులు మోశాడు. ఇంటి తలుపు తెరిస్తే మూసి ఉంచిన గదుల వాసన ముక్కుకు కొట్టింది. గోడ గడియారం ఎవరి కోసమూ ఆగకుండా తన పని తాను చేసుకుంటోంది. ఫ్రిజ్‌లో మరిచిపోయిన గిన్నెడు పెరుగు ఈ మధ్యకాలంలో సొంత బతుకు మొదలుపెట్టి, నీలంగా నూగు మీసం కూడా పెంచుకుంది. “చూడు, కటింగ్ అడుగుతోంది,” అంది భార్య, గిన్నె చేతికిస్తూ. కుళాయి తిప్పితే ముందు దగ్గు, తరవాత తుప్పునీళ్ళు, ఆ తరవాత నీళ్ళు వచ్చాయి. పెట్టె విప్పితే బట్టల మడతల్లోంచి ఇసుక రాలింది. ఊడ్చాడు. ఇంకో మడత విప్పితే ఇంకాస్త రాలింది. మళ్ళీ ఊడ్చాడు.

సెలవులో ఆయన ఏం సుఖపడ్డాడో కూడా చెప్పుకోవాలి. పెళ్ళయిన నాటినుంచి భార్య అడుగుతున్న సముద్రం అది. తీరా వెళ్ళాక, నడుము లోతు నీళ్ళలో నిలబడి, అలలను వదిలేసి, మునిగి లేస్తున్న తలలను చూస్తూ గడిపాడు. తడిస్తే తల నిజం చెబుతుంది. ఎవరి జుట్టు పలచనో, ఎవరిది రంగో, ఎవరి కటింగ్ చవకో, అన్నీ బయటపడతాయి. “సముద్రం చూడమని తెస్తే జనం బుర్రలు చూస్తావేం?” అని భార్య అరిచేది. రెండో రోజు చేతులు ఊరుకోక, బసలో పక్కగది ముసలాయన్ను బతిమాలి మరీ కూర్చోబెట్టి, గోళ్ళు తీసుకునే చిన్న కత్తెరతో గడ్డం సరిచేశాడు. ఆ ముసలాయన మర్నాడే గది ఖాళీ చేశాడు. ఇంతకీ ఊరికి పట్టుకొచ్చింది ముక్కు మీద తోలు ఊడిన ఎర్రటి మచ్చ ఒక్కటే.

“వెళ్ళు ఇక,” అంది భార్య చివరికి, చీపురు లాక్కుని. వెంటనే నాలిక కరుచుకుంది. “ఆ ‘ఇక’ తీసెయ్. ఊరికే వెళ్ళు.”

*

వీధిలో నడుస్తుంటే ఎదురైన ప్రతి తలా ఒక నేరం ఒప్పుకుంటున్నట్టే ఉంది. దర్జీ తల పరాయిది. పాలవాడి తల పరాయిది. వాళ్ళు ఇతన్ని చూసి ముందు బిత్తరపోయేవాళ్ళు, తరవాత చేత్తో మెడ వెనక కప్పుకునేవాళ్ళు. కిరాణా కొట్టాయన మాత్రం ధైర్యవంతుడు. తక్కెడ అలాగే పట్టుకుని, “అరె, ఉన్నావా!” అన్నాడు. ఆ గొంతులో సంతోషం ఎంతో, నిరాశ ఎంతో తూచడం కష్టం. “మొన్ననే నీ గురించి అంత గొప్పగా చెప్పాను. మాటలన్నీ దండగైపోయాయి.”

“దాచుంచు బావా, పనికొస్తాయి,” అని ముందుకు సాగాడు కత్తెరాయన.

షట్టరు ముందుకు చేరాడు. గొళ్ళేనికి దండ వాడి, ముట్టుకుంటే పొడి అవుతోంది. పలక మీద తన చేతిరాత తనను చూసి పళ్ళికిలించింది. అక్షరాలు గుండ్రంగా, ముద్దుగా ఉన్నాయి. తగలబెట్టినవాడి చెయ్యీ అందంగానే ఉంటుంది, అనుకుని చేతి రుమాలుతో తుడిచేశాడు.

లోపల అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఒక చెయ్యి తోలు ఊడిన తిరుగుడు కుర్చీ, మూల నల్లబడ్డ అద్దం, నీళ్ళు చిమ్మే సీసా, గాజు గ్లాసులో దువ్వెనలు, అరిగి అరిగి సబ్బుబిళ్ళంత అయిన పటిక. కాని గోడ మీద ఎవరో సుద్దముక్కతో గీతలు గీశారు. ఒక గీత పక్కన ‘బేసిన్’, ఇంకో దాని పక్కన ‘పెద్ద అద్దం’. ఆ గీతల లెక్క ప్రకారం తన కుర్చీ ఉన్నచోట ఏమీ లేదు. ఉత్త ఖాళీ. తను పోయాడని నలుగురూ అంటే నవ్వొచ్చింది గాని, ఈ గోడ కూడా అంటుంటే నవ్వు రాలేదు.

పక్కనుంచి మేడ మెట్లున్నాయి. ఎక్కుతూ, ఏం చెప్పాలో కూర్చుకున్నాడు. మొదటి మెట్ల మీద బతిమాలదామనుకున్నాడు. మధ్య మెట్ల మీద, ఇన్నేళ్ళ పొత్తు గుర్తుచేసి నిలదీద్దామనుకున్నాడు. పై మెట్టు మీదికి చేరేసరికి ఆయాసం తప్ప ఏమీ మిగల్లేదు.

మేడ మీది అమ్మగారు ఒంటరి మనిషి. మోకాళ్ళ నొప్పులతో కిందికి దిగడం మానేసి చాలాకాలమైంది. కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవదు, అందుకని జుట్టు పొట్టిగా కత్తిరించుకుంటుంది. నెలకోసారి కత్తెరాయనే పైకి వెళ్ళి ఆ పని చేసి వచ్చేవాడు.

“ఎవరది?”

“నేనే అమ్మగారూ.”

“నేనంటే?”

“కింద... కత్తెర.”

“ఆయన సెలవు పుచ్చుకున్నాడుగా. నువ్వెవరు, ఆయన దెయ్యానివా?”

“దెయ్యాన్నైతే మెట్లెక్కి ఇలా రొప్పేవాణ్ణి కాదమ్మా.”

అమ్మగారు నవ్వలేదు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. తలకు పెద్ద తువ్వాలు చుట్టుకుంది, కనుబొమల దాకా.

“ఆ బోర్డు ఎవరి కోసం పెట్టావు?”

“అందరి కోసమూ.”

“అందులో నేను లేనన్నమాట. నేను దిగి రాలేనని నీకు తెలుసు. కింద వేలాడేసిన పలక నేను ఎలా చదువుతాను? పాలవాడు వచ్చి చెప్పాడు. నా గదిలో ఇన్నేళ్ళున్న మనిషి వెళ్ళిపోయాడని నాకు పాలవాడు చెప్పాలటయ్యా?”

 కత్తెరాయన నిజం చెప్పాడు, చేతిలో ఇంకేం లేక.

“వద్దామనుకున్నానమ్మా. సగం మెట్లు ఎక్కాను కూడా.”

“ఎక్కి?”

“సిగ్గేసి దిగిపోయాను.”

“సిగ్గా? నీకా?”

“సముద్రం చూసొస్తానని చెబితే మీరు నవ్వుతారని. సెలవులకి ఆఫీసర్లు వెళ్తారు. రోజంతా జుట్టు ఊడ్చుకునేవాడికి సెలవులేంటని... చెప్పడానికి నోరు రాలేదు. ఇంత నోరేసుకుని.”

 “నవ్వేదాన్నే,” అంది అమ్మగారు. “నవ్వి, నాకో గవ్వ తెచ్చిపెట్టమనేదాన్ని.”

కత్తెరాయన జేబులు తడుముకోలేదు. అందులో ఏమీ లేదని తెలుసు.

“అదలా ఉంచు,” అంది ఆవిడ. “ఆ అమ్మాయికి మాటిచ్చాను. మా అక్క కూతురికి స్నేహితురాలు. ఇవాళ వస్తుంది. ఇచ్చిన మాట ఎలా వెనక్కి తీసుకోను?”

“తీసుకోమనను అమ్మగారూ.”

అనేసి, తానే ఆశ్చర్యపోయాడు. బతిమాలడానికి వచ్చినవాడు ఒప్పేసుకున్నాడు. నోరు తన ఇష్టం వచ్చినప్పుడు బరువు, తన ఇష్టం వచ్చినప్పుడు తేలిక. వెనక్కి తిరిగాడు. తిరుగుతూ, అలవాటు చొప్పున ఆవిడ మెడ వైపు ఓసారి చూశాడు. తువ్వాలు అంచు కింద వెంట్రుకల పాయ ఒకటి బయటికి పొడుచుకొచ్చింది, చీపురు పుల్లలా.

అడుగు ఆగిపోయింది.

“అమ్మగారూ, ఆ తువ్వాలు తియ్యండి.”

“జలుబు చేసింది.”

“జలుబు మెడకి రాదమ్మా. తియ్యండి.”

“నవ్వుతావు.”

“ఊరంతా నన్ను చూసి నవ్వుతోంది. నా దగ్గర ఇవాళ్టికి మిగల్లేదు.”

అమ్మగారు తువ్వాలు తీసింది. ఎడమవైపు జుట్టు చెవి కింది దాకా ఉంది, కుడివైపు చెవికి పైన ఆగిపోయింది. నుదుటి మీద చూరు దించినట్టు కుచ్చులు. కత్తెరాయన పళ్ళు బిగించాడు. అయినా నవ్వు సెలవుల దాకా వచ్చి అక్కడ నిలబడింది. ఈ సెలవులు పెదవుల మూలలవి.

“చూశావా! నవ్వావు.”

“లేదమ్మా, ముక్కు మీద తోలు లాగుతోంది. ఎవరు చేశారు ఇది?”

“ఆ అమ్మాయే. పార్లరు పెడతానంటోంది కదా, చెయ్యి ఎలా ఉందో చూద్దామని నేనే అడిగాను. జడలు వెయ్యడంలో దిట్ట పాపం. కత్తిరించడం కొత్తట.” గొంతు తగ్గించింది. “అప్పట్నుంచి అద్దం మీద గుడ్డ కప్పాను.”

కత్తెరాయన కిందికి దిగి కత్తెర, దువ్వెన, నీళ్ళసీసా, మెడకు చుట్టే గుడ్డ తెచ్చాడు. గది తనదా, పరాయిదా అన్న సంగతి దారిలో మరిచిపోయాడు. తల కనిపిస్తే ఆయన ఇంతే. ఇల్లు అంటుకుంటున్నా, ముందు ఆర్పుతున్నవాడి చెంపలు సమంగా ఉన్నాయో లేదో చూసే రకం.

నీళ్ళు చల్లి, దువ్వి, తల కొంచెం వంచమన్నాడు. కుడిచెవి దగ్గర పోయినదాన్ని తేలేం. ఎడమవైపును దాని దగ్గరికి రప్పించాలి. రప్పిస్తూ వెనక్కి గుండ్రంగా తిప్పుకుపోవాలి. దువ్వెన మీదుగా కత్తెర చిన్నచిన్నగా పలకడం మొదలుపెట్టింది. కిచకిచ, కిచకిచ. సముద్రం దగ్గర చెవులు వెతుక్కున్న చప్పుడు ఇదేనని ఆయనకు ఇప్పుడు తెలిసింది. ‘అంత దూరం పోయి, అన్ని అలలు విని, వినాలనుకున్నది దీన్నన్నమాట. బాగుంది నా సెలవు,’ అనుకున్నాడు.

“ముక్కేమిటి అలా అయింది?” అంది అమ్మగారు తలవంచుకునే.

“సముద్రం కొరికిందమ్మా.”

నుదుటి మీది చూరు ఎత్తుతుండగా తలుపు చప్పుడైంది. కొలతల టేపు చేతిలో పట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. ముందు కుర్చీలో తలను చూసింది, తరవాత తలవెనక మనిషిని చూసింది.

“పిన్నిగారూ, ఈయన...?”

“కింది కటింగ్ షాపాయన.”

“అయ్యో బాబాయ్! మీరు పోయారన్నారే?”

“పోయాను తల్లీ. సముద్రం దాకా.”

అమ్మాయి ఎర్రబడిన ముఖంతో దగ్గరికి వచ్చి, తను కత్తిరించిన చోటు ఇప్పుడెలా ఉందో చూసింది.  టేపు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. చివరికి అంది, “గది సంగతి ఖాయం చేసుకుందామని వచ్చాను పిన్నిగారూ. మాటిచ్చారుగా.”

“ఇచ్చాను,” అంది అమ్మగారు. “ఏమని ఇచ్చాను?”

“గది నాకేనని.”

“మొత్తం చెప్పు. ఆ రోజు నేనేమన్నాను?”

అమ్మాయి గుర్తుచేసుకుంది. “‘ఖాళీ అయితే నీకే’ అన్నారు.”

“అయిందా?”

కత్తెర ఆగింది. అమ్మాయి కత్తెరాయన వైపు చూసింది. కత్తెరాయన కింద రాలిన జుట్టు వైపు చూశాడు. ఇప్పుడు నోరు విప్పితే ఏదో ఒకటి పాడవుతుందని పొద్దుటినుంచి నేర్చుకున్న పాఠం. పెదవులు దువ్వెనతో మూసుకున్నంత పని చేశాడు. ఆ పిల్ల కూడా ఎక్కడో గోడలు వెతుక్కుంటున్న మనిషేనని, ఆ టేపులో తన కుర్చీ అంత చోటు కోసమే తిరుగుతోందని తెలుస్తూనే ఉంది. తెలిసినా, ఆ గది తనకు కావాలి. తన మీద తనకే అసహ్యం వేసేటంతగా కావాలి.

“మనిషి ఇక్కడే ఉన్నాడు, సామాను అక్కడే ఉంది,” అంది అమ్మగారు నింపాదిగా. “సెలవుకి వెళ్ళి వచ్చాడు, అంతే. ఖాళీ కానిదాన్ని ఎలా ఇవ్వను? నేను మాట తప్పే మనిషిని కాదు, నీకు తెలుసుగా.”

“అదేంటి పిన్నిగారూ, గోడ మీద గీతలు కూడా గీసుకున్నాను!”

“ఉండనీ, నేను తుడవమనలేదుగా. ఇదిగో, ఈ ముందు గది ఊరికే పడుంది. మెట్లెక్కి వచ్చే ఓపికుంటే చూడు. నలుగురు ఆడవాళ్ళు వస్తూ పోతుంటే నాకూ కబుర్లుంటాయి.”

“మేడ మీదికి ఎవరొస్తారు?” అంది అమ్మాయి. కాసేపు ముందు గదిలోకి తొంగి చూసింది. మొహం ప్రసన్నం కాలేదు. “ఆలోచించుకుని చెబుతా,” అని టేపు సంచిలో వేసుకుని మెట్లు దిగిపోయింది.

కత్తెరాయన ఊపిరి వదిలాడు. ఇన్నేళ్ళ పనితనం కాదు, మంచితనం అంతకన్నా కాదు, ఒక ‘ఇక’ ముంచితే ఒక ‘అయితే’ ఒడ్డున పడేసింది. మధ్యలో తను చేసిందల్లా కొట్టుకుపోవడమే. అంత సముద్రంలో మునగనివాడు పలకంత బోర్డులో మునిగాడని ఎవరికైనా చెప్పుకుంటే, నవ్వడానికి అడ్వాన్సు ఇచ్చి మరీ వస్తారు.

మెడ మీద చివరి వెంట్రుకలు సరిచేసి, గుడ్డ విప్పి, దులిపాడు. గోడ మీది అద్దానికి కప్పిన బట్ట అమ్మగారే తీసింది. ఎడమకు తిరిగింది, కుడికి తిరిగింది. ఎత్తగలిగిన చేత్తో చెవి వెనక తడుముకుంది.

“ఊఁ,” అంది.

ఆవిడ నోట ‘ఊఁ’ అంటే, ఇంకొకరు అరగంట పొగిడినట్టు. కత్తెరాయన ఛాతీ మళ్ళీ పొంగబోయింది. తానే చెయ్యి వేసి అణుచుకున్నాడు.

“చూడు,” అంది అమ్మగారు, అద్దంలోంచి చూపు తిప్పకుండా. “ఈసారికి సరే. ఇంకెప్పుడైనా నువ్వు ఎక్కడికి వెళ్ళినా, సముద్రానికైనా సరే, సందు చివరికైనా సరే, పలకలూ గిలకలూ నాకు పనికిరావు. పైకి రావాలి. ఎదుట నిలబడాలి. ‘అమ్మగారూ, వెళ్ళొస్తాను’ అని నోరారా చెప్పాలి. చెప్పకుండా వెళ్ళేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. మా ఇంట్లో ఎవరూ...”

కిందనుంచి ఎవరో షట్టరు మీద దబదబ బాదారు. “ఎవరండీ లోపల? కటింగ్ ఉందా, లేదా?”

కత్తెరాయన చెవులు నిక్కబొడుచుకున్నాయి. కొత్త గొంతు. బొంగురుపోయిన గొంతును బట్టి చూస్తే మెడ పొట్టి, జుట్టు ఒత్తు. గుడ్డ భుజాన వేసుకున్నాడు. దువ్వెన జేబులోకి, కత్తెర వేలికి, నీళ్ళసీసా చంకలోకి పోయాయి.

“...మా ఇంట్లో ఎవరూ గడప దాటేటప్పుడు చెప్పకుండా దాటేవాళ్ళు కాదు,” అంటోంది అమ్మగారు, నుదుటి మీది వెంట్రుకలు సవరించుకుంటూ. “అంత చిన్న మాట. దానికేం ఖర్చవుతుందని? ఏమంటావు? విన్నావా?”

ఆవిడ అద్దంలో వెతికింది. తన వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. మెట్ల మీద చెప్పుల చప్పుడు రెండేసి మెట్ల చొప్పున కిందికి దిగిపోతోంది.